నాలుగు పుస్తకాలు, ఒక నిచ్చెన

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

చి. అమ్మలుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

మా నాన్న ఉత్తరాలన్నీ ఇలాగే మొదలయ్యేవి. కలం పట్టగానే చేతికి అదే వచ్చింది, కొట్టెయ్యబుద్ధి కాలేదు.

నిన్న రాత్రి ఫోను మధ్యలోనే అమ్మమ్మ చేతికిచ్చి అలిగి వెళ్ళిపోయావు. నువ్వు అడిగింది నీ లెక్కలో చిన్న సాయమే. సెలవుల్లో చదవమని బడిలో ఇచ్చిన నాలుగు పుస్తకాలకూ సారాంశాలు ఎక్కడినుంచైనా వెతికి పంపమన్నావు. అందరి నాన్నలూ పంపుతున్నారన్నావు. నేను పంపనన్నాను. ఎందుకో చెప్పేలోగా నువ్వు లేవు. ఉత్తరంలో అయితే నన్ను మధ్యలో ఆపలేవు కదా, అందుకే ఈ కాగితాలు. పోస్టులో బొబ్బిలి చేరేసరికి నీ కోపం కూడా కాస్త దిగి ఉంటుంది.

పోర్టులో నా పని ఏమిటో నీకు తెలుసు. ఎన్ని బస్తాలు లారీలకెక్కాయి, ఎన్ని చిరిగాయి, ఎన్ని తడిశాయి అని ట్యాలీ రాసుకోవడం. ఇన్నేళ్ళలో నా కళ్ళముందు నుంచి ఎన్ని ఎరువుల బస్తాలు పోయాయో లెక్కలేదు. వాటిలో ఒక్కటి ఏ పొలంలో పడిందో, అక్కడ ఏం పండిందో నాకు తెలియదు. నువ్వు అడుగుతున్న సారాంశం కూడా అలాంటి ట్యాలీయే. పుస్తకంలో ఏమేం ఉందో లెక్క చెబుతుంది. నీలో ఏం మొలిచిందో అది నేను పంపితే వచ్చేది కాదు.

ఇంత గంభీరంగా చెబుతున్నాను గానీ, నీ వయసులో నేనూ ఇదే పని చేశాను. ఏడో తరగతి అయ్యాక మా తెలుగు మాస్టారు తలా ఒక పుస్తకం ఇచ్చి, సెలవుల తర్వాత దాని గురించి రెండు పేజీలు రాసుకు రమ్మన్నారు. నా వంతుకు వచ్చింది ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ రాసిన ఇరవై వేల లీగుల సముద్రయానం కథ, తెలుగులో కుదించినది. ఇప్పుడు నీ సంచిలో ఉన్నదీ ఆ కథే. సెలవులు బీచిలో క్రికెట్‌తో అయిపోయాయి. బడి తెరిచే ముందురోజు రాత్రి అట్ట వెనక ఉన్న పది వాక్యాలను అటూ ఇటూ మార్చి రాశాను. "కెప్టెన్ నెమో తన జలాంతర్గామిలో ఇరవై వేల లీగుల లోతుకు దిగాడు" అన్నది నా మొదటి వాక్యం.

మాస్టారు కోప్పడలేదు. "లీగు అంటే ఎంతరా?" అన్నారు. తెలియదన్నాను. ఆ కథలో నాలుగు కిలోమీటర్లని చెప్పి, నల్లబల్ల మీద గుణించమన్నారు. 80,000 కిలోమీటర్లు వచ్చింది. "భూమిని ఇటునుంచి అటు దాకా తొలిచినా పదమూడు వేల కిలోమీటర్లు లేదు. అంటే మీ నెమో అవతలి పక్కనుంచి బయటపడి చంద్రుడి దారి పట్టాడన్నమాట" అన్నారు. తరగతి అంతా నవ్వింది. ఆ ఇరవై వేలు లోతు లెక్క కాదమ్మా. నీళ్ళ కింద వాళ్ళు తిరిగిన దూరం, భూమిని రెండుసార్లు చుట్టివచ్చినంత. పుస్తకం నిజంగా చదివినవాడెవడూ ఆ వాక్యం రాయడు. అప్పటినుంచి అట్ట వెనక వాక్యాలంటే నాకు కాస్త భయం.

ఇక నీ అసలు చిక్కు. బడిలో ఇచ్చిన కాగితం మీ అమ్మ నాకు చూపించింది. రచయిత పేరు, ముఖ్య పాత్రలు, సారాంశం, నీతి. కథ చదివిన ప్రతిసారీ చివర ఒక నీతిని పిండి గ్లాసులో పోసి ఇవ్వాలని ఎవరు కనిపెట్టారో గానీ, ఆ గడి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయితే కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది, నువ్వు గమనించావో లేదో: "లేదా మీకు నచ్చిన సృజనాత్మక పద్ధతిలో స్పందించవచ్చు." మీ టీచరుగారు మంచివారు, తలుపు ఓరగా తెరిచి ఉంచారు. సృజనాత్మకం అనగానే నువ్వు చార్టు, మెరుపు కాగితం, థర్మోకోల్ అంటావని నాకు తెలుసు. కిందటేడు మన వీధి చివరింటి అబ్బాయి థర్మోకోల్ కోటకు మొదటి బహుమతి వచ్చింది. ప్రాజెక్టులు చేసిపెట్టే దుకాణంలో వాళ్ళ నాన్న కొన్నదది. ఆ కోట ఏ కథలోదో ఆ అబ్బాయిని అడిగాను. వాళ్ళ అమ్మ వైపు చూశాడు.

నా కొలత ఒకటే. ఆ పుస్తకం చదవనివాళ్ళు చెయ్యలేని పని ఏదైనా చెయ్యి. బొమ్మ గీసినా, వంట చేసినా, పాట కట్టినా, ఉత్తరం రాసినా సరే.

వెర్న్ పుస్తకమే తీసుకో. బీచి రోడ్డులో కుర్సురా జలాంతర్గామి లోపలికి మనం వెళ్ళినప్పుడు గుండ్రటి గుమ్మానికి నీ నుదురు తగిలి ఏడ్చావు, గుర్తుందా? అది 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, మరుసటి ఏడు మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. వెర్న్ నెమో జలాంతర్గామి నాటిలస్‌కు ఇచ్చిన పొడవు 70 మీటర్లు. అంటే మన కుర్సురాయే పెద్దది. అయినా అందులో నావికులు ఒకరి మీద ఒకరుగా బిగించిన పడకల మీద, యంత్రాల సందుల్లో పడుకునేవారు. నెమో నౌకలో చూడబోతే పన్నెండు వేల పుస్తకాల గ్రంథాలయం, భోజనశాల, వాయించుకోవడానికి పెద్ద ఆర్గన్! అంత చోటు ఎక్కడిది? కుర్సురాలో ఆ చోటంతా ఏవి తినేశాయి? నువ్వు రెండింటి బొమ్మలూ ఒకే కొలతలో పక్కపక్కన గీసి ఏ గదిలో ఏముందో రాస్తే, 1870 నాటి రచయిత కన్న కలకూ నిజంగా నీళ్ళలో మునిగిన ఇనుముకూ మధ్య తేడా నీ కాగితం మీదే కనిపిస్తుంది. అది ఎవరి ఫోనులోంచీ రాదు. లేదా కుర్సురాలో వంటవాడు నెమోకు ఉత్తరం రాసినట్టు రాయి. పుస్తకాలకు అంత చోటిచ్చావు, నా వంటగది చూడు బాబూ అని.

ఇంకో ఆలోచన కూడా ఉంది, ఇది మాత్రం నాకోసం. ఆ కథలో నాటిలస్ 1868 జనవరిలో బంగాళాఖాతం మొగదాకా వచ్చి సింహళం వైపు తిరుగుతుంది. నీ కుదింపులో ఆ భాగం ఉంచారో తీసేశారో చూడు. కథ చెప్పే ప్రొఫెసర్ దినచర్యలో ఒక రోజు తప్పిపోయిందనుకో. ఆ రాత్రి నౌక దారితప్పి ఇంకా పైకి వచ్చి మన డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదుట తేలింది. ప్రొఫెసర్‌కు ఏం కనిపిస్తుంది? దీనికి ముందు ఏవేవి కనిపించవో తెలుసుకోవాలి. మన రేవు 1933లో గానీ తెరవలేదు, కాబట్టి నేను పనిచేసే చోటంతా ఉప్పుటేరూ బురదా. ఊళ్ళోకి రైలు రాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టడానికే ఇంకా 58 ఏళ్ళుంది. కొండ ఉంది, ఇసుక ఉంది, తెప్పల మీద వేటకు పోయేవాళ్ళున్నారు. అంతే నేను చెప్పేది. మిగిలిన పేజీ నీది. అన్నట్టు, ఆ నెమో ఎవరో వెర్న్ 1875లో వచ్చిన ఇంకో నవలలో బయటపెట్టాడు. బుందేల్‌ఖండ్ రాకుమారుడట, మనవాడే! ముందే చెప్పేసినందుకు తిట్టుకో, పరవాలేదు.

ఇక నీ సంచిలో ఇంకో పుస్తకం "రైలుబడి", జపాన్‌లో రైలుపెట్టెల్లో నడిచిన బడిలో చదివిన తొత్తోచాన్ అనే పిల్ల కథ. దాని గురించి నేను చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే అది నువ్వు నాకంటే బాగా చదివావని నిన్ననే తెలిసింది. ఒక్క సంగతి మాత్రం అంటాను. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు పిల్లల మధ్యాహ్నం డబ్బాలో కొంచెం సముద్రంలోది, కొంచెం కొండది ఉండాలంటాడు. లేనివాళ్ళకు ఆయన భార్య రెండు గిన్నెలు పట్టుకుని తిరుగుతూ వడ్డిస్తుంది. మన ఇంటి కిటికీలోంచి ఇటు చూస్తే కైలాసగిరి కొండ, అటు చూస్తే సముద్రం. ఈ మాట మన ఊళ్ళో కూర్చుని చదివి డబ్బా కట్టకుండా ఉండగలమా? రొయ్యలూ పాడేరు రాజ్మా అని నేను మెనూ కూడా అనుకున్నాను. శాకాహారం తినే నీ స్నేహితురాలికి సముద్రంలోది ఏం పెడతావని మీ అమ్మ అడ్డుపుల్ల వేసింది. అరగంట ఆలోచించి ఉప్పు అన్నాను. నౌపడ ఉప్పు. మీ అమ్మ ఒప్పుకోలేదు, నువ్వు తీర్పు చెప్పు.

ఇప్పుడు నిన్నటి సంగతి. నువ్వు వెళ్ళిపోయాక అమ్మమ్మ ఫోను పెట్టెయ్యలేదు. మీరిద్దరూ ఆవకాయకు కాయలు తుడుస్తుంటే నువ్వు ఆమెకు రైలుబడి కథ చెప్పావట. పోలియో వచ్చిన యాసుఆకి అనే పిల్లాణ్ణి తొత్తోచాన్ తన చెట్టు మీదికి ఎక్కించిన ఘట్టం. మొదట తెచ్చిన నిచ్చెన నిలవకపోతే ఇంకో నిచ్చెన ఈడ్చుకు రావడం, కింద నుంచి నెట్టడం, పైనుంచి చెయ్యి పట్టి లాగడం. నువ్వు చెబుతుంటే అమ్మమ్మ గుడ్డ కింద పెట్టి "ఎక్కాడా, లేదా?" అని రెండుసార్లు అడిగారట. ఎక్కాడని నువ్వు చెప్పగానే లేచి లోపలికి వెళ్ళిపోయారట. మందు వేసుకోవడానికనుకున్నావు కదూ?

అమ్మమ్మ తమ్ముడు, నువ్వు చిన్నతాత అని పిలిచే ఆయన, చిన్నప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేవారు. నువ్వు పోలియో చూసి ఉండవు. మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011లో వచ్చింది, అప్పటికి నువ్వు పుట్టలేదు. అమ్మమ్మ వయసువాళ్ళకు మాత్రం ప్రతి వీధిలో ఒకరు తెలుసు. వాళ్ళ పెరట్లో మామిడిచెట్టు మీద పిల్లలందరూ ఎక్కి కాయలు కోసి కిందికి విసిరేవారట. చిన్నతాత కింద తువ్వాలు పరిచి పట్టుకునేవారట. "వాడు బాగా పట్టేవాడు, ఒక్క కాయ చితకనిచ్చేవాడు కాదు. అందుకని వాడి పని అదే అనుకున్నాం. ఇంట్లో నిచ్చెన ఉంది బాబూ. వాడికి వేద్దామని ఒక్కళ్ళకీ తోచలేదు" అన్నారు అమ్మమ్మ. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అమ్మలూ, నీ కాగితంలో సారాంశం అని ఉన్న గడిని ఖాళీగా వదిలెయ్యి. ఇది రాయి. అమ్మమ్మను అడిగే రాయి, ఆమె వద్దంటే మానెయ్యి. ఒప్పుకున్నా, ఆమె చెప్పింది మాత్రమే విని రాయకు. చిన్నతాత అదే ఊళ్ళో ఉన్నారు, రెండు వీధుల అవతల. వెళ్ళి ఆయన్నే అడుగు. చెట్టు కింద నిలబడినవాడికి ఏం కనిపించేదో పైకెక్కినవాళ్ళకు తెలియదు. ఆయన బాధపడ్డారనే అనుకుని వెళ్ళకు కూడా. తువ్వాలుతో కాయ పట్టడం గురించి ఆయనకు గర్వమే ఉండవచ్చు. యాసుఆకి చెట్టెక్కిన పేజీలు ఆయనకు చదివి వినిపించి, నోరు మూసుకుని కూర్చో. ఆ పుస్తకంలో ప్రధానోపాధ్యాయుడు చిన్న పిల్ల చెప్పేది నాలుగు గంటలు విన్నాడు కదా, నువ్వు ఒక గంట వినలేవా?

మూడో పుస్తకం నేను చూడలేదు. నాలుగోది నలభై పేజీలయ్యాక నిద్ర వస్తోందన్నావు. ఆపెయ్యి. బలవంతంగా పూర్తిచేసి "చాలా బాగుంది" అని రాసేకంటే, ఏ పేజీలో ఎందుకు మూశావో రాస్తే టీచరుగారికి చదవడానికైనా బాగుంటుంది. తిడితే నా పేరు చెప్పు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. సాయంత్రమైతే గాని సముద్రపు గాలి రావడం లేదు. వచ్చే శనివారం సెలవు దొరికితే నేనూ అమ్మా బయలుదేరి వస్తాం. చిన్నతాతకు నెత్తళ్ళ పులుసు ఇష్టమని అమ్మమ్మ అన్నారు. పూర్ణా మార్కెట్లో మంచి ఎండు నెత్తళ్ళు దొరికితే తెస్తాను. పెరట్లో ఆ చెట్టు ఇంకా కాస్తోందట. నిచ్చెన ఏ మూలన ఉందో వెతికి, మెట్లు గట్టిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసి ఉంచు.

ఇట్లు,
నాన్న