నీ స్టడీ హాల్ కొటేషన్ చూశాను

ఒరే రమణా,

స్టడీ హాల్లో నెట్ పెట్టించడానికి తీసుకుని, నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కొటేషన్ చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం వింటున్నట్టు నటిస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో. స్టడీ హాల్ ఆలోచన మాత్రం బాగుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఏసీ లేకపోయినా సర్దుకుంటారేమో గానీ, నెట్ ఆగితే ఊరుకోరు.

"మోడెం ఉంది, రౌటర్ ఉంది, మళ్ళీ స్విచ్ ఎందుకు, దోచుకుంటున్నాడా?" అని అడిగావు కదా. దోచుకుంటున్నాడు, కానీ స్విచ్ దగ్గర కాదు.

స్తంభం మీద నుంచి నీ ఇంట్లోకి వచ్చే సన్న తీగ రాగిది కాదు, గాజుది. అందులో వెళ్ళేది వెలుగు. ఆపరేటర్ ఆఫీసులో బయల్దేరిన ఒక్క ఫైబర్‌ని దారిలో స్ప్లిటర్లు 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతాయి. వాటికి కరెంటు కూడా అక్కర్లేదు. ఇంట్లో ఆ వెలుగుని మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కి పనికొచ్చేలా మార్చేది ఓఎన్‌యూ. నువ్వు మోడెం అంటున్నది దాన్నే. దాని మీద ఎల్‌వోఎస్ అని రాసున్న లైటు ఎర్రగా వెలిగిందంటే ఫైబర్ తెగిందో, బాగా వంగిందో, లేక వెనకనుంచే వెలుగు రావడం లేదో. రీస్టార్ట్ కొడుతూ కూర్చోకుండా ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యి.

ఇక రౌటర్. బయటికి మీ హాలంతా ఒకే ఐపీ అడ్రస్‌తో, అంటే నెట్‌లో ఒకే చిరునామా నంబరుతో, కనిపిస్తుంది. లోపల ఒక్కో ఫోనుకీ 192.168తో మొదలయ్యే నంబరు ఇచ్చి, ఎవరడిగిన పేజీ వాళ్ళకే చేరేలా లెక్క చూసుకునేది రౌటర్. ఇప్పుడొచ్చే ఓఎన్‌యూల్లో చాలావాటిలో రౌటర్ లోపలే ఉంటుంది. నీది కూడా అలాంటిదే, ఫోటోలో చూశాను. కాబట్టి కొటేషన్‌లోంచి రెండో రౌటర్ తీసేయించు. పాతది ఇంట్లో పడుంటే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే నంబర్లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా, పెట్టి వాడుకో. లేకపోతే రెండూ విడివిడిగా నంబర్లు పంచి గందరగోళం చేస్తాయి. ఇంకోటి, సాధారణంగా అందులో ఇచ్చే నంబర్లు 250కి అటూ ఇటూ ఉంటాయి, ఒకసారి ఇస్తే రోజంతా ఆ ఫోనుకే. నీ దగ్గర ఉదయం బ్యాచ్ పోయి సాయంత్రం బ్యాచ్ వస్తుంది. ఆ లీజ్ టైమ్‌ని రెండు గంటలకి తగ్గించు.

స్విచ్ సంగతి. మెషిన్లన్నిటినీ కేబుళ్ళతో కలిపే పెట్టె అది. మన కాలేజీ ల్యాబ్‌లో అదే పనికి హబ్ ఉండేది, గుర్తుందా? హబ్ దండోరా వేసేవాడి లాంటిది. ఒకడికి చెప్పాల్సింది ఊరందరికీ అరిచి చెబుతుంది. స్విచ్ అలా కాదు. ప్రతి మెషిన్‌కీ ఉండే 48 బిట్ల మ్యాక్ అడ్రస్ (ఆ మెషిన్ గుర్తింపు నంబరు) ఏ పోర్టు (కేబుల్ గుచ్చే సాకెట్) వైపు ఉందో చూసి గుర్తుపెట్టుకుని, అటే పంపుతుంది. నీకు 8 పోర్టుల గిగాబిట్ పీఓఈ స్విచ్ చాలు. పీఓఈ అంటే డేటా వెళ్ళే కేబుల్లోనే కరెంటు కూడా వెళుతుంది. సీలింగ్ మీద యాక్సెస్ పాయింట్‌కీ, సీసీ కెమెరాకీ విడిగా ప్లగ్ పాయింట్ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: ఒకే కేబుల్ రెండు చివరలూ అదే స్విచ్‌లో గుచ్చితే నెట్ మొత్తం పడిపోతుంది. దీనికి మందు 1985లోనే రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ కనిపెట్టింది, స్పానింగ్ ట్రీ అంటారు. కానీ చవక స్విచ్‌లలో చాలావాటిలో అది ఉండదు. అందుకే స్విచ్‌ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. పిల్లలు ఖాళీ పోర్టు కనిపిస్తే ఊరుకుంటారా!

కొటేషన్‌లో ఉన్న వైఫై రిపీటర్లు రెండూ వద్దే వద్దు. గాల్లో విన్నదాన్నే మళ్ళీ గాల్లో చెబుతుంది కాబట్టి మామూలు రిపీటర్ దగ్గర స్పీడ్ దాదాపు సగమైపోతుంది. ఆ డబ్బుతో కింద ఒకటి, పైన ఒకటి యాక్సెస్ పాయింట్లు పెట్టించి, రెండింటికీ కేబుల్ లాగించు. వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్ళు 1, 6, 11 మాత్రమే, కాబట్టి ఒకదానికి 1, ఇంకోదానికి 6 పెట్టు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ మీ తాతగారు కట్టించిన ఆ గోడల్ని దాటలేదు.

ఇప్పుడు అసలు దోపిడీ. కొటేషన్‌లో నెట్‌వర్క్ కేబుల్ దగ్గర "క్యాట్ 6 సీసీఏ" అని ఉంది చూడు. సీసీఏ అంటే అల్యూమినియం తీగకి రాగి పూత. ధర మాత్రం రాగిదే వేశాడు! పీఓఈ కరెంటు దానిమీద నడిస్తే వేడెక్కుతుంది, చివర్న ఉన్న కెమెరా మాటిమాటికీ ఆగిపోతుంది. ప్యూర్ కాపర్ అని బిల్లు మీద రాయించు. కేబుల్ వచ్చాక తీగని బ్లేడుతో గీకు, లోపల తెల్లగా మెరిస్తే వెనక్కి పంపెయ్. పొడవు ఎక్కడా 100 మీటర్లు దాటకూడదు, నీ బిల్డింగ్‌లో ఆ బెంగ లేదు.

ఓఎన్‌యూకీ, స్విచ్‌కీ యూపీఎస్ పెట్టించడం మర్చిపోకు. ఆ రెండూ ఆగితే హాలంతా ఆగినట్టే.

మేస్త్రీ గోడలు పూడ్చకముందే పైపులు ఎటెటు వెళుతున్నాయో ఫోటోలు తీసి పంపు. కరెంటు వైర్లూ ఇవీ ఒకే పైపులో తోసేస్తానంటాడు, ఒప్పుకోకు. అమ్మని అడిగానని చెప్పు.

నీ
శ్రీను