పాటకు దాని అట్ట తిరిగి చేరింది: మన పాత పాటల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

ఏటా ఈ నివేదికలో సమావేశాలు, పాటల సాయంత్రాలు, జమాఖర్చులు వరుసగా చెప్పుకోవడం మన అలవాటు. ఈసారి వాటిని నాలుగు మాటల్లో ముగిస్తాను. నెలకో సమావేశం జరిగింది, వానల వల్ల ఆగస్టు సమావేశం ఒక్కటి తప్పిపోయింది. డిసెంబరు 4న ఘంటసాల జయంతి ఎప్పటిలాగే జరుపుకున్నాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సంతకంతో విడిగా జత చేశాం. మిగిలిన నివేదిక అంతా ఏడాది పొడవునా మనల్ని పట్టి ఉంచిన ఒక్క పని గురించే: కంప్యూటర్లలో, ఫోన్లలో దాచుకున్న మన పాటలకు వాటి వాటి రికార్డు అట్టల బొమ్మలను చేర్చడం.

ఈ పని మొదలైన తీరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉగాది తరవాతి సమావేశానికి, అంతకు ముందు సంవత్సరం కన్నుమూసిన మన వ్యవస్థాపక సభ్యుల కుమారుడు ఒక హార్డ్ డిస్కు తీసుకువచ్చారు. ఆ పెద్దాయన తన రికార్డులన్నింటినీ ఓపికగా, ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న మనిషి. డిస్కు తెరిచాం. తెర నిండా ఒకే రకం బూడిదరంగు గళ్లు, ప్రతి గడిలో ఒక సంగీత స్వరం గుర్తు. కింద 'ట్రాక్ 01', 'ట్రాక్ 02' అన్న పేర్లు. “ఏ పాట ఎక్కడుందో నాన్నగారి చేతికి తెలుసు. మాకు తెలియదు” అన్నారు ఆ అబ్బాయి. అట్టలన్నీ ఇంట్లో బీరువాలో పదిలంగా ఉన్నాయి. పాటలు డిస్కులో ఉన్నాయి. రెండింటికీ మధ్య ఉన్న బంధం ఆయనతోనే వెళ్లిపోయింది.

ఆ రోజు ఇంటికి వెళ్లి మనలో చాలామంది తమ తమ ఫోన్లు తెరిచి చూసుకున్నారు. అందరివీ బూడిదరంగు గళ్లే.

బొమ్మ ఎక్కడ ఉంటుందో మొదట తెలుసుకోవలసి వచ్చింది. ఎంపీ3 ఫైలులో పాటతోపాటు వివరాలు రాసుకునే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని ఐడీ3 ట్యాగ్ అంటారు. 1996లో వచ్చిన తొలి రూపంలో అది ఫైలు చివర 128 బైట్ల చిన్న తోక మాత్రమే. పాట పేరుకు 30 అక్షరాల చోటు, బొమ్మకు అసలు చోటే లేదు. 1998లో వచ్చిన రెండో రూపం ఫైలు మొదటికి మారింది, విశాలమైంది, బొమ్మనూ మోయగలిగింది. తెలుగు అక్షరాలు సరిగా నిలిచేది కూడా ఈ రెండో రూపంలోనే. పాత ఫైళ్లలో మన పాటల పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపించడానికి కారణం అదే. నాణ్యత పోకుండా పాటను కుదించి దాచే ఫ్లాక్ ఫైళ్లలోనూ బొమ్మకు ఇలాంటి గడి ఉంది. పాటను కుదించకుండా ఉన్నదున్నట్టు దాచే వేవ్ ఫైళ్లతోనే చిక్కు. వాటిలో పెట్టిన వివరాలను చాలా ప్లేయర్లు పట్టించుకోవు. అందుకే వేవ్‌గా దాచుకున్నవారు ముందు ఫ్లాక్‌కు మార్చుకోవాలని సూచించాం. మార్పిడిలో నాదం రవ్వంత కూడా తగ్గదు.

ఫోల్డర్‌లో 'ఫోల్డర్' అనో 'కవర్' అనో పేరు పెట్టి బొమ్మను విడిగా ఉంచినా చాలా ప్లేయర్లు చూపిస్తాయి కదా అని కొందరు అడిగారు. చూపిస్తాయి. కానీ పాటను మరొకరికి పంపినప్పుడు బొమ్మ ఇక్కడే ఉండిపోతుంది. ఫైలు లోపల ఉన్న బొమ్మ పాట వెంటే వెళుతుంది. డల్లాస్‌లో ఉన్న మనవరాలి ఫోను దాకా వెళుతుంది. ఆ పాపకు తెలుగు చదవడం రాదు. 'వీణ ఉన్న బొమ్మ పాట' అని అడిగి పెట్టించుకుంటుందని మన సభ్యురాలొకరు చెప్పినప్పుడు, ఈ శ్రమ ఎవరి కోసమో గదిలో ఉన్న అందరికీ ఒక్కసారిగా తెలిసింది. చూపు మందగించిన పెద్దలకూ అంతే. చిన్న అక్షరాలు కూడబలుక్కోనక్కరలేదు, ఎరుపు అట్ట ఏదో, పచ్చ అట్ట ఏదో దూరం నుంచే తెలుస్తుంది.

ఇక మేము చేసిన పొరపాటు గురించి. దాచడం న్యాయం కాదు.

మొదటి రెండు నెలలు తొందరపడ్డాం. ఆల్బం పేరు చూసి ఇంటర్నెట్ నుంచి బొమ్మలను దానంతట అదే తెచ్చి అతికించే ప్రోగ్రాం ఒకటి దొరికింది. ఒక రాత్రి దానికి ఆ హార్డ్ డిస్కు అప్పగించాం. పొద్దున్నే చూస్తే గళ్లన్నీ రంగురంగుల బొమ్మలతో నిండిపోయాయి. సంతోషించాం. తరవాత ఒక్కొక్కటే తెరిచి చూస్తుంటే గుండె జారిపోయింది. 1951 నాటి 'మల్లీశ్వరి' పాటల మీద 2004లో వచ్చిన 'మల్లీశ్వరి' బొమ్మ. 1955 నాటి 'మిస్సమ్మ' మీద 2003 'మిస్సమ్మ'. 'దేవదాసు' సంగతి మరీ కష్టం. 1953లో ఒకటి, 1974లో ఒకటి, 2006లో ఒకటి. మూడు తరాల దేవదాసులలో అన్నిటికన్నా కొత్త ముఖం అందరికీ పడింది. తెలుగులోనూ తమిళంలోనూ తీసిన చిత్రాలకు కొన్ని చోట్ల తమిళ అట్ట వచ్చి కూర్చుంది. యంత్రం తప్పు చేసిందనడం సరికాదు. మనం దానికి పేరు ఒక్కటే చెప్పాం, సంవత్సరం చెప్పలేదు. మన సినిమావాళ్లు పాత పేర్లను మళ్లీ మళ్లీ పెట్టుకుంటారని దానికెలా తెలుస్తుంది?

బొమ్మ లేని పాట 'నాకు ముఖం కావాలి' అని అడుగుతున్నట్టు ఉంటుంది. తప్పు బొమ్మ ఉన్న పాట ఏమీ అడగదు. అందుకే అది ఎక్కువ ప్రమాదం. పదేళ్ల తరవాత చూసే పిల్లలు దాన్నే నిజమనుకుంటారు. జూన్ సమావేశంలో దీని మీద గంటన్నర చర్చ జరిగింది. చివరికి అందరూ ఒప్పుకున్న నియమం ఇది: పాట ఏ రికార్డు నుంచి వచ్చిందో ఆ రికార్డు అట్టనే దానికి పెట్టాలి. అది దొరకకపోతే గడిని ఖాళీగానే ఉంచాలి. ఆల్బం పేరు పక్కన సంవత్సరం తప్పక రాయాలి: దేవదాసు (1953), దేవదాసు (1974). డిస్కును పాత నకలు నుంచి మళ్లీ మొదటికి తెచ్చుకుని పని తిరిగి ఆరంభించాం. ఆ నకలు లేకపోయి ఉంటే ఈ నివేదిక వేరే విధంగా ఉండేది.

బొమ్మలు తీయడం ఈ ఏడాదిలో అన్నిటికన్నా ఆనందంగా సాగిన పని. ఈపీ అనే చిన్న రికార్డుల అట్ట సుమారు 18 సెంటీమీటర్లు, ఇంట్లో ఉండే మామూలు ఏ4 స్కానర్ మీద హాయిగా పడుతుంది. ఎల్పీ అనే పెద్ద రికార్డు అట్ట 31 సెంటీమీటర్లు దాటుతుంది. ఏ4 గాజు వెడల్పు 21, పొడవు 29.7. అడ్డంగా ఎలాగూ చాలదు, నిలువున కూడా రెండు సెంటీమీటర్ల లోపు తేడాతో చాలదు. దాంతో ఒక్కో అట్టను నాలుగు ముక్కలుగా తీసి అతకవలసి వచ్చింది. పెద్ద స్కానర్ కొనాలా అన్న ప్రశ్న వచ్చింది. సంఘం నిధికి అది భారమని కార్యవర్గం భావించింది. బదులుగా ఫోనును నిలువుగా కిందికి చూసేట్టు బిగించే స్టాండు ఒకటి, రెండు దీపాలు కొన్నాం. దీపాలను చెరో పక్క నుంచి ఏటవాలుగా పెడితే మెరుపు కాగితం అంటించిన అట్టల మీద కూడా వెలుగు మచ్చ పడదు. ఫ్లాష్ వాడకూడదు. స్కానర్‌తో తీసేవారు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర తీయాలి, అచ్చు చుక్కల వల్ల వచ్చే అలల గీతలను తొలగించే 'డీస్క్రీన్' సదుపాయం ఉంటే వాడుకోవాలి.

అట్టలను శుభ్రం చేయాలా అన్న విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్పాను, మరోసారి చెబుతాను. లోపలి రికార్డు అంచు ఏళ్ల తరబడి ఒత్తుకుని పడిన గుండ్రటి మరక, అమ్మిన కొట్టు ముద్ర, మూలన సిరాతో రాసుకున్న పేరు, కొన్న తేదీ, ఇవన్నీ ఆ రికార్డు జీవితం. కంప్యూటర్‌లో వాటిని తుడిచేస్తే మిగిలేది ఎవరిదీ కాని బొమ్మ. వంకర సరిచేయండి, వెలిసిన రంగును కొద్దిగా పైకి తేండి, అక్కడితో ఆపండి. ఒక అట్ట వెనక 'అమ్మాయి పెళ్లికి' అని రాసి ఉంది. దాన్ని చెరిపే హక్కు మనకు లేదు.

వెనక అట్టను కూడా తప్పక తీయాలని కోరుతున్నాం. ముందు అట్ట కంటికి, వెనక అట్ట బుద్ధికి. పాట రాసినవారు, పాడినవారు, స్వరపరిచినవారు అందరూ అక్కడే ఉంటారు. ట్యాగ్‌లో బొమ్మలకు 21 రకాల గుర్తులు ఉన్నాయి. ముందు అట్టకు ఒకటి, వెనక అట్టకు ఒకటి, లోపలి కరపత్రానికి ఒకటి, రికార్డు లేబుల్‌కు ఒకటి వేరు వేరుగా పెట్టుకోవచ్చు. చాలా ప్లేయర్లు ముందు అట్టను మాత్రమే చూపినా, మిగతావి లోపల భద్రంగా ఉంటాయి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు 78 ఆర్‌పీఎం రికార్డుల దగ్గర ఒక చిక్కు వచ్చింది. వాటికి ఒక్కో సినిమాకు వేరుగా అట్ట ఉండేది కాదు. మధ్యలో గుండ్రటి కంత ఉన్న కంపెనీ కాగితపు సంచి, ఆ కంతలోంచి కనిపించే లేబుల్, అంతే. మరి ముఖం ఏది? కొందరు సినిమా పోస్టర్ పెడదామన్నారు. కొందరు థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకం అట్ట పెడదామన్నారు. సగం కథ చెప్పి 'మిగతా వెండితెరపై చూడండి' అని ఊరించిన ఆ పుస్తకాలంటే ఎవరికి ప్రేమ ఉండదు! అయినా చివరికి లేబులే ముఖమని తేల్చుకున్నాం. పాట చెవిన పడింది ఆ చక్రం తిరుగుతుండగానే. పాటల పుస్తకం అట్ట కరపత్రం గడిలోకి వెళుతుంది. పొడుగు పాటను రెండు వైపులా పంచిన రికార్డులకు రెండు లేబుళ్లూ పెడుతున్నాం.

అట్టే లేని పాటలు కూడా కొన్ని ఉన్నాయి. ఆకాశవాణిలో వచ్చిన లలిత గీతాలను రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న క్యాసెట్లు మన సభ్యుల ఇళ్లలో చాలానే ఉన్నాయి. వాటికి ఏ కంపెనీ బొమ్మా వేయలేదు. ఆ హార్డ్ డిస్కు తెచ్చిన అబ్బాయే దీనికి దారి చూపారు. క్యాసెట్ డబ్బాలోని గీతల కాగితం మీద నాన్నగారు ఎర్ర సిరాతో పాటల పేర్లు, తేదీలు రాసుకున్నారు. ఆ కాగితాన్నే ఫొటో తీసి బొమ్మగా పెట్టారు. ఇప్పుడు ఆ పాట మోగినప్పుడల్లా తెర మీద తండ్రి చేతిరాత కనిపిస్తుంది. క్యాసెట్ కాగితం చతురస్రం కాదు, నిలువుగా ఉంటుంది. పక్కలు కత్తిరించకుండా రెండు వైపులా ఖాళీ వదిలి చతురస్రం చేశాం, ఒక్క అక్షరం కూడా పోలేదు.

బొమ్మ అతికించడానికి కిడ్‌త్రీ, ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాములను సమావేశాల్లో నేర్పాం. ఒక సినిమా పాటలన్నీ కలిపి ఎంచుకుని ఒకేసారి బొమ్మ పెట్టవచ్చు. బొమ్మ జేపెగ్ రకంలో, ప్రతి వైపు 600 నుంచి 1000 చుక్కల (పిక్సెళ్ల) మధ్య ఉంటే చాలు. 300 కిలోబైట్ల బొమ్మను రెండు వేల పాటలకు పెడితేనే 600 మెగాబైట్లు అవుతుంది, కాబట్టి పెద్ద బొమ్మలను విడిగా దాచి చిన్నవే లోపల పెట్టండి. కార్లలోని పాత ప్లేయర్లు ఐడీ3 రెండో రూపంలోని 2.3 కూర్పును బాగా చదువుతాయి, 2.4 వద్ద తడబడతాయి.

అందరూ అడిగిన మరో ప్రశ్న: ఒకే సినిమా ఫోన్‌లో ఐదారు ఆల్బంలుగా ఎందుకు ముక్కలవుతుంది? మన సినిమాలో ఒక్కో పాటను ఒక్కో గాయకుడు పాడతాడు. ప్లేయర్ గాయకుడి పేరు చూసి విడగొడుతుంది. 'ఆల్బం ఆర్టిస్ట్' అనే గడిలో అన్ని పాటలకూ సంగీత దర్శకుడి పేరు ఒకేలా రాస్తే సినిమా మళ్లీ ఒక్కటవుతుంది. అక్షరం తేడా రాకూడదు. ఒక చోట 'సాలూరి', మరో చోట 'సాలూరు' అని రాస్తే మళ్లీ రెండు ముక్కలే.

ఒక హెచ్చరిక. బొమ్మకు ఫైలు మొదట చోటు చాలకపోతే ప్రోగ్రాం ఫైలు మొత్తాన్ని తిరిగి రాస్తుంది. మన సభ్యురాలొకరి ఇంట్లో సరిగ్గా ఆ సమయానికే కరెంటు పోయి కొన్ని పాటలు పాడయ్యాయి. నకలు ఉంది కాబట్టి దక్కాయి. నకలు తీయకుండా ఎవరూ పని మొదలుపెట్టవద్దు.

చట్టం గురించి కూడా చెప్పాలి. మన దేశంలో శబ్ద రికార్డు హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. చిత్రకారుడి బొమ్మ హక్కు ఆయన జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు. అంటే పాట మీద హక్కు ముగిసినా అట్ట మీద హక్కు మిగిలి ఉండవచ్చు. సొంత వాడకానికి తగు మేరకు చట్టంలోని 52వ సెక్షన్ అవకాశం ఇస్తుంది. అందుకే సంఘం తీసిన బొమ్మలు ఆ రికార్డు యజమానికే చెందుతాయి. ఎక్కడా బహిరంగంగా పెట్టడం లేదు.

పెద్దాయన డిస్కులో ఎల్పీలు, ఈపీల పని పూర్తయింది. 78లు మిగిలాయి. వచ్చే ఏడాది మొదటి ఆరు నెలలు వాటికే కేటాయించాలని కార్యవర్గం తీర్మానించింది. లేబుళ్ల ఫొటోలకు ప్రతి నెలా రెండో ఆదివారం స్టాండు, దీపాలు సిద్ధంగా ఉంటాయి. రికార్డులను నిలువుగా పెట్టి, మధ్యలో గుడ్డ వేసి తీసుకురండి.

చివరగా ఒక అభ్యర్థన. 1963 నాటి 'లవకుశ' పాటల పుస్తకం మనకు దొరికింది కానీ వెనక అట్ట చిరిగిపోయింది. ఎవరి ఇంట్లోనైనా పూర్తి ప్రతి ఉంటే ఒక్క పూట ఇవ్వండి. మీ కళ్ల ముందే ఫొటో తీసి, అదే రోజు తిరిగి ఇస్తాం.

ఇట్లు
కార్యదర్శి
(కార్యవర్గం తరఫున)