ఒక కంపాస్ ముల్లు, నాలుగు ఫారాలు

తల్లిదండ్రులకు, పిల్లల్ని చూసుకుంటున్న అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతలకు నమస్కారం.

పరీక్షల టైంటేబుల్, యూనిఫాం సంగతులు వెనక పేజీలో ఉన్నాయి. ముందు పేజీ మొత్తం ఒక్క విషయానికే ఉంచాను. అదేమిటో మీకు తెలుసు. ఆ రాత్రికే మీలో సగం మంది ఫోన్లలోకి వీడియో వచ్చేసింది కదా.

సైకిల్ స్టాండ్ దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు కొట్టుకున్నారు. ఒకడి చేతిలో జామెట్రీ బాక్సులోని కంపాస్ ఉంది. రెండోవాడికి మోచేతి కింద ముల్లు గీరుకుపోయి, రెండు కుట్లు పడ్డాయి. ఆ ముల్లు ఇంకొంచెం పైన తగిలి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ రాత్రిళ్లు మెలకువ వస్తోంది. ఆ కంపాస్ నా టేబుల్ సొరుగులోనే ఉంది. దాని పెన్సిల్ ముక్కకు ఇంకా రబ్బరు బ్యాండ్ చుట్టే ఉంది. పొద్దున లెక్కల పీరియడ్‌లో ఆ పిల్లవాడు దాంతోనే వృత్తాలు గీశాడు.

తర్వాత వారం రోజుల్లో వేర్వేరు ఆఫీసుల నుంచి నలుగురు వచ్చారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, వాళ్లను తప్పుపట్టను. కానీ ఎవరి ఫారం వాళ్లది, ఎవరి రోజు వాళ్లది. నాలుగోసారి పిలిచినప్పుడు ఆ కంపాస్ పిల్లవాడు నాతో అన్నాడు: "మేడం, మొన్న వచ్చినాయన అంతా రాసుకున్నారు కదా, అదే ఇచ్చేయండి." నాకు సమాధానం దొరకలేదు.

ఆ సాయంత్రం నేనే ఒక తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. వాడు రెండు వారాల్లో నాలుగు రోజులు బడికి రాలేదని క్లాస్ టీచర్‌కు తెలుసు. కబడ్డీ ప్రాక్టీసు మానేశాడని పీఈటీ మాస్టారికి తెలుసు. అప్పు వాళ్లు ఇంటి ముందు నిలబడి వాడి ఎదుటే కేకలు వేశారని సచివాలయం మహిళా పోలీసుకు తెలుసు. అమ్మానాన్నలు పని కోసం చెన్నై వెళ్లాక నానమ్మకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఏఎన్‌ఎంకు తెలుసు. నలుగురికీ తలా ఒక ముక్క తెలుసు. అన్నీ ఒకచోట పెట్టినవాళ్లు మాత్రం లేరు. అందులో మొదటి తప్పు మా బడిది. వాడి నానమ్మ నా చేయి పట్టుకుని, "ఆడు మంచోడేనమ్మా, ఈమద్దిన కోపం ఎక్కువైపోనాది" అంది. ఆ మాట మాకు నెల ముందే చెవిన పడాల్సింది.

ప్రభుత్వం ఏర్పాట్లేమీ చేయలేదని అనలేం. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్‌లో పిల్లల వ్యవహారాలు చూసే అధికారి ఒకరు ఉండాలి. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. కేసు జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తుంది. అందులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. వాళ్లలో కనీసం ఒకరు మహిళ. జిల్లాకో బాలల సంరక్షణ విభాగం ఉంది. 2019 నుంచి సచివాలయాలు ఉన్నాయి. గంజాయి, మత్తు సంగతులు చెప్పడానికి ఈగల్ (మత్తుపదార్థాలను అరికట్టే పోలీసు విభాగం) వాళ్ల 1972, ఆపదలో ఉన్న పిల్లలకు 1098, మనసు బాగోలేనివాళ్లకు 14416 ఉన్నాయి. వేళ్లన్నీ ఉన్నాయి, ఐదూ కలిస్తేనే కదా ముద్ద నోటికి అందేది.

అందుకే వచ్చే నెల నుంచి మొదటి శనివారం మధ్యాహ్నం అరగంట సేపు, స్టేషన్ నుంచి పిల్లల అధికారి, మహిళా పోలీసు, ఏఎన్‌ఎం, బాలల సంరక్షణ విభాగం వాళ్లు, మన క్లాస్ టీచర్లు ఒకే టేబుల్ దగ్గర కూర్చోవాలని అడిగాను. రావడానికి ఒప్పుకున్నారు. పోలీసు అధికారి యూనిఫాంలో రారు, పిల్లలతో మాట్లాడేటప్పుడు మామూలు బట్టల్లో ఉండాలన్నది నియమమే. ఇది రౌడీషీట్ తెరవడం కాదు. ఏ పిల్లవాడి సంగతి ఆ టేబుల్ మీదికి వచ్చినా, ముందు మీ ఇంటికి చెప్పాకే వస్తుంది. ఒక పిల్లవాడిని ఒక్కరే అడుగుతారు, ఒక్కసారే అడుగుతారు. మిగతావాళ్లు ఆ కాగితమే చూసుకుంటారు.

కొందరు వచ్చి టీసీ ఇచ్చి పంపేయమన్నారు. మీ భయం నాకు అర్థమైంది. కుట్లు పడ్డ పిల్లవాడి తల్లి అడిగితే ఏ మొహం పెట్టుకుని కాదంటాను? కానీ టీసీ ఇస్తే వాడు నాగావళి అవతల ఇంకో బడిలో చేరతాడు, అక్కడి టీచర్లకు ఈ ముక్కలేవీ తెలియవు. ఇదివరకు మా దగ్గరికి పాలకొండ వైపు నుంచి ఒకడు అలాగే వచ్చాడు. 2022లో జిల్లాలు విడిపోయాక అది మన్యం జిల్లాలోకి వెళ్లింది. వాడి గురించి అక్కడ రాసుకున్నదేదీ వాడి వెంట రాలేదు. అందుకని ఆ తల్లి ఎదుటే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాం. ఆమె పూర్తిగా ఒప్పుకుందని చెప్పలేను. సెక్షన్ మార్చమంది, మార్చాం.

ఇక ఆ వీడియో. నేరంలో చిక్కుకున్న పిల్లల ముఖం గానీ, పేరు గానీ, బడి గానీ తెలిసేలా బయటపెట్టడం పైన చెప్పిన జువైనల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దయచేసి ఇప్పుడే డిలీట్ చేయండి. "ఊరికే ఫార్వర్డ్ చేశాను మేడం" అంటే కుదరదు.

చివరగా ఒక పని. ఆ రోజు చెన్నైలో ఉన్న నాన్నకు ఫోన్ చేద్దామని రిజిస్టర్ తెరిస్తే, అందులో ఉన్నది ఆయన ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరు. మళ్లీ నానమ్మ దగ్గరికే మనిషిని పంపాల్సి వచ్చింది. ఈ కబురు అడుగున ఉన్న చీటీలో ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూస్తున్నారో, వాళ్ల నంబరు ఏదో రాసి సోమవారానికల్లా పంపండి. రాయడం రానివాళ్లు మా ఆఫీసు గదికి వచ్చి చెబితే మేమే రాసుకుంటాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు