శాపమని సరిపెట్టుకుంటే ఎలా?

సంపాదకుల వారికి,

అయ్యా, హాలీవుడ్ తొలినాటి 'అవర్ గ్యాంగ్' పొట్టి హాస్యచిత్రాల బాలనటుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆలస్యంగా చదివాను. వారిలో కొందరు అర్ధాంతరంగా చనిపోవడానికి కారణం ఏదో 'శాపం' అని రంగుల పెట్టె కట్టి మరీ వేశారు. బాధ్యత గల దినపత్రిక అచ్చువేయవలసిన మాటేనా ఇది? వారఫలాల పేజీలో చోటు చాలక ఇటు జరిపారని అనుకోవాలా?

నిర్మాత హాల్ రోచ్ 1922లో మొదలుపెట్టి, 1938లో ఎంజీఎం స్టూడియోకు అమ్మివేయగా, 1944 వరకు సాగిన ఈ చిత్రాలలో పిల్లలు జీతానికి పనిచేశారు. స్టూడియోలోనే వారికి బడి నడిచిందనీ, ఫెర్న్ కార్టర్ అనే ఉపాధ్యాయిని చదువు చెప్పేదనీ ఒప్పుకుంటాను. కానీ పిల్లవాడు కాస్త ఎదిగి ముద్దు తగ్గగానే పంపివేసి, ఆ చోట మరో పసివాణ్ణి నిలబెట్టడం అక్కడి ఆనవాయితీ. 1955 నుంచి రోచ్ కాలపు చిత్రాలనే 'లిటిల్ రాస్కల్స్' పేరుతో టీవీలో మళ్లీ మళ్లీ వేసి సొమ్ము చేసుకున్నప్పుడు, అప్పటికి పెద్దవాళ్లై ఏవేవో పనులు చేసుకుంటున్న ఆ నటులకు అందులో దమ్మిడీ వాటా రాలేదు. 1960లో నటుల సంఘం సమ్మె చేసి టీవీ ప్రదర్శనలకు పారితోషికం సాధించినా, ఆ తర్వాత తీసిన సినిమాలకే అది పరిమితమైంది. పాతవారికి మొండిచెయ్యే మిగిలింది.

'ఆల్ఫాల్ఫా'గా నవ్వించిన కార్ల్ స్విట్జర్ పెద్దయ్యాక బార్లో పనిచేస్తూ, వేటకు వచ్చేవారికి దారి చూపుతూ బతికాడు. 1959 జనవరి 21న 50 డాలర్ల బాకీ తగాదాలో తుపాకీ దెబ్బకు చనిపోయేనాటికి అతనికి 31 ఏళ్లు. అంత పేరున్న నటుడు 50 డాలర్ల కోసం ఒకరి గుమ్మం ఎక్కవలసిన గతి ఎందుకు పట్టిందని అడగవలసిన చోట, మీ వ్యాసకర్త గ్రహాలకేసి చూశారు. వంద పైచిలుకు చిత్రాలలో నటించిన 'ఫరీనా' అలెన్ హాస్కిన్స్ తరువాతి కాలంలో మానసిక వికలాంగుల సేవలో ఉద్యోగం చేశాడు. జాకీ కూపర్ దర్శకుడై 88 ఏళ్లు జీవించాడు. వీరిద్దరినీ శాపం ఎలా మరిచిపోయిందో వ్యాసంలో లేదు. అసలు వీరి పేర్లే లేవు.

జాకీ కూగన్ సంగతి కూడా మీ వ్యాసంలో కనబడలేదు. 1921లో చాప్లిన్ పక్కన నటించి లోకాన్నంతటినీ ఏడిపించి నవ్వించిన ఆ పిల్లవాడు, ఎదిగాక తన డబ్బేదని 1938లో కన్నతల్లి మీద, సవతి తండ్రి మీద దావా వేయవలసి వచ్చింది. సంపాదన 30, 40 లక్షల డాలర్లని అంచనా. చేతికి దక్కింది 1,26,000. ఆ గోల పుణ్యమా అని మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనను కాపాడే చట్టం వచ్చింది. దానికీ బోలెడు కంతలుండగా, సంపాదన బిడ్డదేనని తేల్చి, 15 శాతం విడిగా దాచాలని నిర్బంధించడానికి 2000 సంవత్సరం వచ్చింది.

మనకూ చట్టానికి కొదువ లేదు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించరాదు, జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి, రాబడిలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆ బిడ్డ పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చిన్నారుల పాటల పోటీలు, హాస్యపు స్కిట్లు చానెళ్లలో తెగ నడుస్తున్నాయి. వీటికి అనుమతులు ఇచ్చేదెవరో, డిపాజిట్ రసీదులు చూసేదెవరో మామూలు ప్రేక్షకుడికి తెలిసే దారి లేదు. బాలల దినోత్సవం నాడు గులాబీలు పంచి ఫొటో దిగే అధికారులు ఆ రసీదుల కట్టను ఎన్నడైనా విప్పారో లేదో కూడా తెలియదు.

శాపం పెట్టెకు సవరణ ప్రచురించాలని కోరుతున్నాను. అదీ లోపలి పేజీ మూలన కాకుండా, ఆ అనుబంధంలోనే. బాలనటులకు ఎన్ని అనుమతులు ఇచ్చారో, ఎన్ని డిపాజిట్లు తనిఖీ చేశారో రెండు రాష్ట్రాల కలెక్టరు కార్యాలయాలను సమాచార హక్కు చట్టం కింద మీ విలేకరులే అడిగి, వచ్చిన జవాబులు జిల్లాలవారీగా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి