పెన్న ఒడ్డు మన సంఘం: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీలో కార్యదర్శి నివేదిక చదవాలని బైలాలో ఉంది కాబట్టి రాస్తున్నా, ఉన్నది ఉన్నట్టే రాస్తా, ఎవరికైనా కోపం వస్తే టీ టైంలో తిట్టండి.

మన ఏట్లో ఇసుక, ఊళ్ళో గ్రావెల్ తవ్వకాల మీద అడగడానికే సంఘం పెట్టుకున్నాం, మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. కార్యవర్గం ఏడుసార్లు కూర్చుంది, రెండుసార్లు కోరం లేక లేచొచ్చాం. గ్రావెల్ గుంతల్లో ఒకదానికి పంచాయతీతో కంచె వేయించాం, ఇంకా రెండు అలాగే ఉన్నాయి, పిల్లకాయలు ఈతకి దిగుతున్నారు, కనపడితే గదమాయించండి. క్రషర్ దుమ్ము మీద ఇచ్చిన అర్జీ మూడు ఆఫీసులు తిరిగి మళ్ళీ మొదటి ఆఫీసుకే వచ్చింది, అక్కడే ఉంది.

ఇక అసలు సంగతి జిల్లా సర్వే రిపోర్టు. 2016 కేంద్ర నోటిఫికేషన్ నుంచి ఏట్లో ఎక్కడ ఇసుక ఉంది, ఎంత తియ్యొచ్చు అనేది ముందు ఈ రిపోర్టులోనే తేలాలి, రీచ్‌కి, అంటే ఏట్లో ఇసుక తవ్వడానికి హద్దు గీసిన చోటుకి, పర్మిషన్ దాని మీదే. డ్రాఫ్టుని జిల్లా వెబ్‌సైట్లో 21 రోజులు పెడతారు, మనం ఏం చెప్పుకున్నా ఆ 21 రోజుల్లోనే. మనవాళ్ళు మాత్రం ట్రాక్టర్లు ఏట్లో దిగాక రోడ్డు మీద కూర్చుంటారు, అప్పటికి కాగితాల మీద పని ఎప్పుడో అయిపోయుంటుంది. ఏజెన్సీ ఊళ్ళలో అయితే, గిరిజన ప్రాంతాల పంచాయతీలకి ఉన్న పీసా చట్టం కింద గ్రామసభ లేదా పంచాయతీ సిఫార్సు లేకుండా ఇలాంటి క్వారీ ఇవ్వకూడదు, మనకా వెసులుబాటు లేదు, ఉన్నదల్లా ఈ 21 రోజులే.

ఈసారి అందులో తొమ్మిది రోజులు ఎవరికీ తెలియకుండానే పోయాయి. నెట్ సెంటర్ తమ్ముడు చూసి చెప్పాడు. మొత్తం ఇంగ్లీషు, మన ఊరి పేరు స్పెల్లింగ్ తప్పు కొట్టారు కాబట్టి వెతికితే దొరకలా, సర్వే నంబర్ కొడితే దొరికింది. మ్యాపులో మన ఊరికి నీళ్ళిచ్చే ఊట బావులు రెండూ లేవు! అక్కడ ఉత్త ఇసుక చూపించి రీచ్ గీశారు.

ఆదివారం పొద్దున ఆరింటికి కొలుద్దాం రండి అని వాట్సాప్ గ్రూపులో పెట్టా. గ్రూపులో 212 మంది, బొటనవేలు చూపించినవాళ్ళు 43 మంది, ఏట్లోకి వచ్చింది ఐదుగురు, అందులో ఒకాయన టేపు ఇచ్చిన మేస్త్రి గారు. 30 మీటర్ల టేపు పది సార్లు పరిచి ఇంకో పది మీటర్లు, అంటే బావి నుంచి రీచ్ హద్దుకి 310 మీటర్లు. నీళ్ళు, భూమి, చెట్లు కాపాడే వాల్టా చట్టం రూల్స్ ప్రకారం తాగునీటి బావికి 500 మీటర్ల లోపల ఇసుక తియ్యకూడదు. పాత గుంత దగ్గర గడకర్ర దింపితే మోకాలి లోతు కూడా పోకుండానే బంకమట్టి తగిలింది, అంటే అక్కడ ఇసుక అంతే, ఫోటో తీశాం.

డ్రాఫ్టులో ఏటా ఇసుక మళ్ళీ మేట వేస్తుందని రాసేశారు. ఎక్కడ నుంచి వస్తుంది సార్, పైన సోమశిల డ్యాం కట్టాక వచ్చే ఇసుక చాలావరకు అక్కడే ఆగిపోతుంది, 2021 నవంబర్ వరద లాంటిది వస్తే తప్ప. మేట ఎంత వేస్తుందో స్టడీ చెయ్యకుండా రాసిన సర్వే రిపోర్టు చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టే చెప్పింది, ఆ తీర్పు ప్రింట్ కూడా జత చేశాం. 64 సంతకాలు, మూడు పేజీల అభ్యంతరం. ఒక ఆఫీసులో ఇస్తే పక్క ఆఫీసన్నారు, పక్కన ఇస్తే ముందు ఆఫీసన్నారు, మధ్యాహ్నం భోజనం మానేసి అక్కడే కూర్చుంటే నాలుగున్నరకి అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేశారు. అది 18వ రోజు.

రెండు నెలల తర్వాత జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు, వాళ్ళ కొలతా 310 దగ్గరే తేలింది. ఫైనల్ రిపోర్టులో బావులు ఎక్కాయి, రీచ్ హద్దు 500 దాటి కిందకి జరిగింది. సంఘం పెట్టాక మన మాట కాగితం మీదకి ఎక్కడం ఇదే మొదటిసారి, ఈ ముక్క మినిట్స్‌లో తప్పకుండా రాయాలి. మేట స్టడీ సంగతి మాత్రం ఒక లైనుతో సరిపెట్టారు, దాని మీద మళ్ళీ రాశాం.

నెట్ సెంటర్ తమ్ముడికి, మేస్త్రి గారికి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిన డ్వాక్రా అక్కలకి, ఇంగ్లీషు చదివి చెప్పిన రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారికి, ఎండలో మజ్జిగ పంపిన ఉప సర్పంచ్ గారి ఇంట్లోవాళ్ళకి, తీర్మానం ఇచ్చిన పంచాయతీకి సంఘం తరఫున ధన్యవాదాలు. పేరు పేరునా చెప్తే ఎవర్నో మర్చిపోతా, తర్వాత నా మీద పడతారు.

లెక్కలు: పోయినేడు మిగులు 11,240, చందాలు 38,500, ఖర్చు 36,915, చేతిలో 12,825. బిల్లులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, కావాల్సినవాళ్ళు చూసుకోవచ్చు. చందా కట్టనివాళ్ళ లిస్టు ఈసారికి చదవను.

వానలు తగ్గాక హద్దు రాళ్ళ దగ్గర మళ్ళీ కొలవాలి, రాళ్ళు నడిచి పోయే ఊరు మనది. మేస్త్రి గారి టేపు ఎన్నిసార్లని అడుగుతాం, సొంతంగా ఒకటి కొనడానికి తీర్మానం కావాలి, ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి. ఎత్తినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నా, కొలిచే రోజు పిలుస్తా.

— కార్యదర్శి