వోలోంగాంగ్‌లో నాన్న మందుల సంచి తెచ్చిచ్చిన పెద్దావిడకి

అమ్మానాన్నలతో ఉదయం ఆస్ట్రేలియాలో సిడ్నీకి దక్షిణాన ఉన్న హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి దర్శనం చేసుకుని, అక్కడి నుంచి ట్రైన్‌లో వోలోంగాంగ్ వెళ్లాం. ఇల్లవారా తీరం మీదుగా వెళ్లే ఆ దారి ఎంత బాగుంటుందో! ఒక పక్క నిటారుగా కొండ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో చిన్న చిన్న ఊళ్లు. అమ్మ కిటికీ వదల్లేదు.

ఊళ్లో తిరిగే ఫ్రీ బస్సు దిగి, ఫ్లాగ్‌స్టాఫ్ హిల్ మీది తెల్ల లైట్‌హౌస్ వైపు నడుస్తుంటే గుర్తొచ్చింది, నాన్న బీపీ, షుగర్ మాత్రలున్న పసుపు గుడ్డసంచి సీట్లోనే వదిలేశామని. నాకు కాళ్లు చేతులు ఆడలేదు, ఎందుకంటే ఇక్కడ డాక్టర్ చీటీ లేకుండా ఆ మందులు కొనలేం.

అప్పుడే వెనక నుంచి ఎవరో పిలిచారు. డెబ్బై ఏళ్లు ఉంటాయేమో, బస్సులో మా ఎదుట కూర్చున్నావిడే. తర్వాతి స్టాప్‌లో దిగి, ఎదురుగాలిలో అంత దూరం వెనక్కి నడిచి వచ్చారు, సంచి రెండు చేతులా గుండెకి హత్తుకుని. ఆయాసంతో మాట కూడా సరిగ్గా రాలేదు. అమ్మ గబగబా గుడి లడ్డూ తీసి చేతిలో పెడితే, అక్కడే తుంచి నోట్లో వేసుకున్నారు.

హడావుడిలో మీ పేరు అడగలేదమ్మా. నాన్న ఆ రాత్రి మాత్ర వేసుకుంటూ మీకు దణ్ణం పెట్టుకున్నారు. మీకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు.