దసరాకు కాదు, ఫిబ్రవరిలో కత్తెర పట్టండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గులాబీల పెంపకం గురించి ఇచ్చే సలహాలు (దసరా రోజుల్లో కురచగా కత్తిరించడం, అంటు మట్టికి పైన ఉండేలా నాటడం లాంటివి) హైదరాబాద్, విజయవాడ పెరళ్లకు చక్కగా సరిపోతాయి. ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువాళ్లు కూడా ఆ పేజీ చదివి, ఇక్కడి ఇంగ్లిష్ రోజెస్‌కు అలాగే చేస్తున్నారు. మొక్క దెబ్బతినేది అక్కడే. ఏ సలహా ఏ ప్రాంతానికో దయచేసి పక్కనే వేయండి.

మన ఊళ్లో ఎక్కువగా కనిపించేవి హైబ్రిడ్ టీ గులాబీలు. వాటిని పెంచేది కొమ్మకొక పెద్ద పువ్వు కోసం. ఇంగ్లిష్ రోజెస్ అలా కాదు, ఇవి పొదలు. ష్రాప్‌షైర్‌లోని ఆల్‌బ్రైటన్‌లో కొత్త గులాబీ రకాలను సృష్టించిన డేవిడ్ ఆస్టిన్, గాలికా అనే పాతకాలపు గులాబీని గుత్తులుగా పూసే ఫ్లోరిబండాతో సంకరం చేసి, 1961లో ‘కాన్‌స్టన్స్ స్ప్రై’ని తెచ్చారు. అది ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. 1983లో వచ్చిన ‘గ్రాహం థామస్’, ‘మేరీ రోజ్’ లాంటివి వేసవంతా విడతలుగా పూస్తాయి. పాత గులాబీల సువాసన, గుబురు రేకులు, పొద ఆకారం ఈ జాతి సొత్తు. నాలుగైదు కళ్లు (చిగురు వేసే కణుపులు) మాత్రమే ఉంచి మొదలంటా నరికితే ఆ ఆకారమే పోతుంది.

మనకు వానలు తగ్గాక, దసరా రోజుల్లో కత్తిరించడం అలవాటు. ఇక్కడ అక్టోబరులో కత్తిరిస్తే, కాస్త వెచ్చగా ఉన్న రోజుల్లో లేత చిగుళ్లు వచ్చి, తర్వాతి మంచుకు మాడిపోతాయి. ఫిబ్రవరి చివరిదాకా ఆగాలి, ఉత్తరాన ఉన్నవాళ్లు మార్చి మధ్యదాకా. ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు ముందు తీసేసి, మిగతా పొదను ఎత్తులో మూడో వంతు నుంచి సగం వరకు తగ్గిస్తే చాలు. నాటాక వచ్చే మొదటి చలికాలంలో ఇంకా తేలిగ్గానే కత్తిరించాలి. నవంబరులో చేయదగ్గది ఒక్కటే, మరీ పొడుగ్గా సాగిన కొమ్మల కొసలు తీయడం. లేకపోతే గాలికి మొక్క ఊగి, మొదట్లో గుంత పడి, అందులో నీరు నిలుస్తుంది.

నాటేటప్పుడు కూడా పద్ధతి తిరగబడుతుంది. మన దగ్గర అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండాలంటారు. ఇంగ్లండులో దాన్ని సుమారు 5 సెంటీమీటర్ల లోతున పూడ్చాలి. అప్పుడు గడ్డకట్టే చలి నుంచి అంటుకు రక్షణ, మొక్కకు పట్టు. నవంబరు నుంచి మార్చి వరకు మట్టి లేకుండా ఉత్త వేళ్లతో అమ్మే బేర్ రూట్ మొక్కలు కుండీ మొక్కలకన్నా చవక. బకెట్ నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, 40 సెంటీమీటర్ల గుంత తీసి, బాగా చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి నాటండి. పచ్చి పేడ వద్దు, వేళ్లు మాడతాయి. నేల గడ్డకట్టిన రోజున నాటవద్దు. పాత గులాబీని పీకిన చోటే కొత్తది పెట్టాలంటే 45 సెంటీమీటర్ల లోతు మట్టిని మార్చేయాలి. లేదంటే కొత్త మొక్క ఎదగక గిడసబారుతుంది.

రోజూ చెంబుడు నీళ్లు పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. వానలేని వేసవి వారాల్లో కొత్త మొక్కకు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 5 లీటర్లు, మొక్క మొదలు దగ్గరే పోయాలి. ఆకులు తడిస్తే నల్లమచ్చ తెగులు ఊపందుకుంటుంది. రాలిన మచ్చల ఆకుల్లోనే ఆ శిలీంధ్రం చలికాలం గడుపుతుంది కాబట్టి వాటిని ఏరేయాలి, ఇంటి కంపోస్టులో వేయకూడదు. తెగులు గురించి భయపడేవాళ్లు తెగులును బాగా తట్టుకునే ‘ఒలివియా రోజ్ ఆస్టిన్’ రకంతో మొదలుపెట్టడం మంచిది. ఎరువు మార్చి చివర ఒకసారి, తొలి విడత పూలయ్యాక జూన్ చివర ఇంకోసారి. ఆగస్టులో వేస్తే వచ్చే లేత కొమ్మలు చలిలోపు ముదరవు.

వాడిన పువ్వును మొక్కకే వదిలేస్తే కాయ కట్టి, తర్వాతి విడత ఆలస్యమవుతుంది. పూజకు కోసే ఇళ్లలో ఈ బెడద తక్కువ. అంటుకు కింద, వేరుమొక్క నుంచి వచ్చే పిలకలను కత్తిరించవద్దు, మట్టి తీసి వేరు దగ్గర లాగేయాలి. కత్తిరిస్తే మళ్లీ గుంపుగా మొలుస్తాయి. ఒక్కో ఈనెకు ఏడు చిన్నాకులుంటే పిలక అనే లెక్కను నమ్మకండి, ఈ రకాల్లో మంచి కొమ్మకూ ఏడాకులు ఉండవచ్చు.

ఇక, సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో గులాబీ కొమ్మలు పెట్టుకెళ్లకండి. భారతదేశంలోకి మొక్క తేవాలంటే ముందస్తు దిగుమతి అనుమతి, ఇక్కడి అధికారులిచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వుల్వర్‌హాంప్టన్, ఇంగ్లండ్